కడుపుతో ఉన్నదానికి చెప్పని మాట

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ గొడవ లేకుండా ఒప్పుకునే సంగతి ఇదొక్కటే. లెక్కల టీచరుకి ఆ మాత్రం కోపం లేకపోతే పిల్లలు నెత్తినెక్కి కూర్చుంటారని నేనూ సమర్థించుకుంటూ వచ్చాను. అయితే ఆ రోజు గల్ఫ్‌లోని ఒక వైద్య పరీక్షల కేంద్రంలో, ఎదురుగా కూర్చున్న నర్సు ఒకే ప్రశ్నను మూడోసారి అడిగినప్పుడు మాత్రం కోపం రాలేదు. మళ్ళీ అదే జవాబు చెప్పాను.

ఆ దేశంలో ఒక ఇండియన్ స్కూల్లో ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మా ఆయన చెన్నైలో, వాషర్‌మెన్‌పేటలో, వాళ్ళ తాతల నాటి బట్టల హోల్‌సేల్ కొట్టు చూసుకుంటాడు. కొట్టు వదిలి ఆయన రాలేడు, ఉద్యోగం వదిలి నేను పోలేను. వేసవిలో రెండు నెలలు, డిసెంబరులో రెండు వారాలు నేనే చెన్నై వస్తాను. మిగతా రోజులన్నీ మాది ఫోన్ కాపురం. తిన్నావా, తిన్నాను, నువ్వు తిన్నావా, ఇంకేంటి, ఏం లేదు.

మాలాంటి వాళ్ళు అక్కడ రెండేళ్ళకోసారి నివాస పర్మిట్ కొత్తది చేయించుకోవాలి. దానికి ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష. ఆ రక్తంలో ఏమేం వెతుకుతారో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. స్టాఫ్‌రూములో "రేపు మెడికల్‌కి పోతున్నా" అంటాం, అంతే. వెళ్ళి చెయ్యి చాపి, దూది అదుముకుని, మళ్ళీ వచ్చి క్లాసు తీసుకుంటాం. అంతకుముందు మూడుసార్లు అలాగే జరిగింది.

ఈసారి మర్నాడు ఫోన్ వచ్చింది. మళ్ళీ రక్తం తీశారు. మూడో రోజు ఒక చిన్న గదిలోకి పిలిచారు. నర్సు మలయాళీ అమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. తలుపు వేసి, గొంతు తగ్గించి, సిఫిలిస్ అంది. సవాయి రోగం అని మా అమ్మమ్మ ఎవరినో తిట్టేటప్పుడు అనేది. అదొక తిట్టు మాత్రమే అనుకుంటూ పెరిగాను. అదే రోగం నా పేరున్న కాగితం మీద కూర్చుంది.

"ఎంతమందితో?" అని అడిగింది నర్సు. ఒక్కరితో అన్నాను. "ఎవరు?" మా ఆయన. "ఇక్కడే ఉంటారా?" లేదు, చెన్నైలో. ఆమె కలం ఆగింది. ఒంటరిగా ఉండే ఆడమనిషి, ఆరేళ్ళు, ఆ రెండూ కలిపి ఆమె మనసులో ఏం లెక్క తేలిందో నాకు తెలుస్తూనే ఉంది. "మళ్ళీ అడుగుతున్నాను, ఇది మీ మంచికే" అని మూడోసారి అడిగింది. నేను మూడోసారి కూడా ఒక్కరే అన్నాను. అప్పటికి నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

ఆ తర్వాత డాక్టరు వచ్చింది. పెద్దావిడ, మాటలు తక్కువ. రెండేళ్ళ కిందటి నా రిపోర్టులో ఏమీ లేదు కాబట్టి ఇది ఆ తర్వాత వచ్చిందేనంది. ఆపైన, "ఈ రెండేళ్ళలో గర్భం ఏమైనా?" అని అడిగింది.

వచ్చింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు వచ్చింది. కిందటేడు కాదు అంతకు ముందు వేసవిలో చెన్నై వెళ్ళి వచ్చాక తెలిసింది. మొదటి పరీక్షల్లో అంతా బాగుందన్నారు. అయిదో నెలలో, డిసెంబరు సెలవలకు, డాక్టరు సరేనంటేనే విమానం ఎక్కి చెన్నై వెళ్ళి రెండు వారాలుండి వచ్చాను. మార్చిలో, ఏడో నెల నిండకముందే, ఒక రోజు పొద్దున క్లాసులో నిలబడి ఉండగా కడుపులో కదలిక ఆగిపోయిందని గమనించాను. సాయంత్రానికి బిడ్డ లేదని తేల్చారు. ఎందుకని అడిగితే, ఒక్కోసారి ఇలా జరుగుతుందన్నారు. అయిదో నెల తర్వాత మళ్ళీ ఆ రక్తపరీక్ష ఎవరూ చేయలేదు. చేయాలని అడగడానికి నాకేం తెలుసు?

నేను చెప్పిందంతా డాక్టరు రాసుకుంది. "దీనివల్లేనా?" అన్నాను. "అయి ఉండొచ్చు" అంది. "అప్పుడే తెలిసి ఉంటే?" అన్నాను. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇప్పుడు మీకు వేయబోయే పెన్సిలిన్ సూదే వేసేవాళ్ళం. కడుపుతో ఉన్నప్పుడు కూడా వేయొచ్చు. వేస్తే చాలామంది బిడ్డలు దక్కుతారు."

వారానికొకటి, మూడు సూదులు. మొదటిది అక్కడే వేశారు. స్కూలు సెలవలు మొదలవుతున్నాయి కాబట్టి మిగతా రెండూ చెన్నైలో వేయించుకుని, డాక్టరు చేత రాయించుకుని వస్తే పర్మిట్ ఇస్తామన్నారు. భర్తకు కూడా పరీక్ష చేయించి వైద్యం చేయించకపోతే ఇదంతా వృథా అని చెప్పి పంపించారు.

విమానంలో నాలుగు గంటలూ నా తప్పు కోసం వెతికాను. ఇది ఇప్పుడు చెబితే నవ్వుతారు. పళ్ళ డాక్టరు దగ్గర వాడిన పరికరాలు, పార్లర్‌లో కనుబొమ్మలకు వాడిన దారం, స్కూలు బాత్‌రూములు, జ్వరమొచ్చినప్పుడు ఎక్కించిన సెలైన్. ఏదీ కాదని ముందే ఫోన్‌లో చదివి తెలుసుకున్నా మళ్ళీ మొదటినుంచీ వెతికాను. మా ఆయన మీదికి ఆలోచన పోతే చటుక్కున వెనక్కి లాగాను. పదకొండేళ్ళ కాపురంలో అనుమానమన్నది ఎప్పుడూ నా వంతే, అది కూడా నా మీద నాకే. ఇప్పటికీ ఆ ప్రయాణం తలచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

చెన్నైలో మా ఇంట్లో అత్తగారు, మా ఆయన, మరిది, మరిది భార్య. ఆ పిల్లకు అప్పుడు అయిదో నెల. ఇల్లంతా ఆమె కడుపు చుట్టూ తిరుగుతోంది. మా అత్తగారికి ఈ విషయంలో కొన్ని పట్టింపులున్నాయి. కడుపుతో ఉన్నదానికి చెడ్డ మాట చెప్పకూడదు. వీధిలో ఎవరైనా పోతే ముందు కిటికీ మూస్తుంది. టీవీలో ఏడుపు వస్తే చానల్ మారుస్తుంది. పేపర్లో ప్రమాదం వార్త ఉంటే ఆ పేజీ తీసేసి మిగతా పేపరు చేతికిస్తుంది. నా విషయంలోనూ అంతే. మా మేనమామ జనవరిలో పోతే నాకు ఏప్రిల్లో చెప్పారు. మా అమ్మ కూడా మూడు నెలలు ఫోన్‌లో నవ్వుతూనే మాట్లాడింది. బిడ్డ కోసం ఎంత జాగ్రత్త పడ్డారో అని, తెలిశాక కోపం కూడా తెచ్చుకోలేదు.

ఆ జాగ్రత్త బిడ్డ పోయేవరకే. ఆ తర్వాతి వేసవిలో నేను ఇంటికి వచ్చినప్పుడు, వచ్చిన ప్రతి చుట్టం ముందూ అత్తగారు ఒకటే పాట. "మోస్తా మోస్తా విమానం ఎక్కింది. గాల్లో ఎగిరితే నిలస్తాదా బిడ్డ? చెప్తే వింటేనా?" నేను ఎదురు మాట్లాడేదాన్ని. డాక్టరు ఒప్పుకున్నాకే ఎక్కానని అరిచేదాన్ని. కానీ లోపల ఆవిడ మాటే నమ్మాను. ఆ వేసవంతా మా ఆయన నా పక్కన పడుకోలేదు, హాల్లో చాప వేసుకున్నాడు. బిడ్డ పోయిన బాధ ఆయనకూ ఉంది కదా, నన్ను ఇబ్బంది పెట్టకూడదని అనుకుంటున్నాడు, ఎంత మంచివాడు అనుకున్నాను.

ఈసారి వచ్చిన రెండో రోజు సాయంత్రం, మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఆయన పైకి వచ్చాడు. చేతిలో దుప్పటి ఒక కొస ఆయనకిచ్చి, మడత పెడుతూ చెప్పాను. పరీక్షలో ఇలా వచ్చింది, నువ్వు కూడా చూపించుకోవాలి అన్నాను. ఆయన దుప్పటి కొస వదల్లేదు, నా మొహం చూడలేదు.

"ఎవురికన్నా చెప్పినావా?" అన్నాడు మొదట.

లేదన్నాను.

"ఆడ ఒక్కదానివే ఉండావు గదా" అన్నాడు. అని ఆగాడు. "అంటే... ఆడ ఆస్పత్రుల్లో సూదులు గీదులు సరిగ్గా మార్చరేమో."

ఆ ఆగడంలో ఏముందో నాకు అర్థమైంది. నేను ఆయన ముందు ఏడ్చాను. నేనేం తప్పు చేయలేదు, అమ్మ మీద ఒట్టు, పోయిన బిడ్డ మీద ఒట్టు అన్నాను. ఆయన నా భుజం తట్టి, "సరి, సరి, ఏడవబాక, నేనేమన్నా అన్నానా?" అని కిందికి దిగిపోయాడు. నేరం మోపకుండానే క్షమించేశాడు. నేనా క్షమ తీసుకుని కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, మిగతా బట్టలు మడత పెట్టాను.

రెండో సూది రోజు దగ్గరపడింది. మా ఇంటి డాక్టరు తొండియార్‌పేటలో ఉంటాడు. మా తెలుగువాళ్ళే. మా ఆయన తాత కాలంలో ఆ డాక్టరు తండ్రి చూసేవాడు, ఇప్పుడు ఈయన. పాతకాలపు పద్ధతి. మనిషికొక ఫైలుండదు, ఇంటికొక ఫైలు. అట్ట మీద ఇంటిపేరు, వీధి పేరు. పోయిన మామగారి షుగరూ అత్తగారి మోకాళ్ళూ మరిది టైఫాయిడూ అన్నీ ఒక దారానికే గుచ్చి ఉంటాయి. రోగం ఎవరిదైనా డాక్టరు చెప్పేది పెద్దవాళ్ళకు. నా పెళ్ళయిన కొత్తలో నాకు రక్తం తక్కువుందని కూడా నాకు చెప్పలేదు, అత్తగారికి చెప్పాడు.

సూది వేయించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్తానంటే అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ, "ఆయన ఊర్లో లేడు. బిడ్డ దగ్గిరికి బెంగుళూరు పోయినాడు. వేరే యాడికన్నా పో" అంది. ఏం సూది అని అడగలేదు, అంటే మా ఆయన ఆవిడకు చెప్పాడన్నమాట. దానికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. కానీ మర్నాడు పొద్దున బ్యాంకు పని మీద ఆ వీధిలోంచి వెళ్తుంటే క్లినిక్ తలుపులు తెరిచే ఉన్నాయి. బయట చెప్పులు గుట్టగా ఉన్నాయి. తెలియని చోట ఆ కాగితం చూపించే అవస్థ తప్పిందని సంతోషంగా లోపలికి వెళ్ళాను.

డాక్టరు నన్ను చూసి, "యెప్పుడొచ్చినావమ్మా?" అని పలకరించి, గల్ఫ్ కాగితం చదివాడు. చదివాక తల ఎత్తలేదు. "టెస్ట్ డోసు వేయించుకో, అరగంట ఆగాల" అని పక్క గదిలోకి పంపాడు.

పక్క గదిలో సిస్టరు. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది, అరవావిడ, మాతో సగం అరవం సగం తెలుగు మాట్లాడుతుంది. ఇంటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి, నా ముంజేతి మీద చర్మంలోకి చిన్న సూది గుచ్చి, పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీసింది. "భయపడవద్దుమ్మా" అంది ఓదార్పుగా. "మీ ఆయనకి కూడా ఇదే వేసినాము కదా. ఆయనకి ఒకటి చాలన్నాడు డాక్టరు. మీకు మూడా?"

ఎప్పుడు అని నేను అడగలేదు. ఫైలు తెరిచాను. ఆవిడ ఆపలేదు, మా ఇంటి ఫైలే కదా. అత్తగారి బీపీ మాత్రల పేజీ, దాని వెనక మా ఆయన పేజీ. జనవరి. పుండు, మూడు వారాలుగా. రక్తపరీక్ష ఫలితం. సూది పేరు. కింద డాక్టరు చేతిరాత, ఇంగ్లీషులో. భార్య విదేశంలో, గర్భిణి, వెంటనే తెలియజేయాలి. 'వెంటనే' కింద గీత గీసి ఉంది.

కిందటేడు జనవరి, అప్పటికి నాకు ఆరో నెల. రోజూ సాయంత్రం వీడియో కాల్. తిన్నావా, తిన్నాను. బిడ్డ తన్నుతోందా, తన్నుతోంది, ఇదిగో చూడు.

ఫైలు పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళాను. ముసలాయన ఒకరు బీపీ చూపించుకుంటున్నాడు, ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నాను. నేనే అన్నాను, డాక్టరు కాదు.

"నేను చెప్పమన్నానమ్మా" అన్నాడు డాక్టరు. "వాడికీ చెప్పినా, మీ అత్తకీ చెప్పినా. ఆయమ్మ ఉండి, కడుపుతో ఉండే పిల్ల, ఇట్లాంటి మాట చెప్తే తట్టుకుంటాదా, కాన్పు కానీ, ఈడికొచ్చినాక మేమే చెప్తాం అన్నింది."

"మీరు డాక్టరు గదా."

"ఆడ పెద్ద ఆస్పత్రులు. వాళ్ళే చూసుకుంటారని అనుకున్నా." బీపీ పట్టీ చుట్టి పెడుతూ, "నేనే ఫోన్ చేసుండాల" అన్నాడు. ఆ ఒక్క వాక్యానికి ఆయన్ని తిట్టకుండా వదిలేశాను. అరగంట అయ్యాక సూది వేయించుకున్నాను. చాలా నొప్పి సూది అది, నడుము కింద రాయి పెట్టినట్టుంటుంది. నడిచే ఇంటికి వచ్చాను. చేతి మీద గుండ్రం గీత అలాగే ఉంది.

అత్తగారు వంటింట్లో ఉంది. తలుపు దగ్గర నిలబడి, "జనవరిలో నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

ఆవిడ బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు. పొయ్యి తగ్గించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఎట్లా చెప్పేది? తొమ్మిదేండ్లకి నిలిచిన కడుపు. మొగుడి సంగతి ఇట్లా అని చెప్తే నువ్వు ఆడ ఒక్కదానివి, గుండె పగిలి బిడ్డ పోతే? బిడ్డ కోసరమే చెప్పలేదు. కావాలంటే మా నాయన మీద ఒట్టేస్తా."

ఒట్టు అక్కర్లేదు. నిజమేనని ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది. నన్ను చంపాలనో ముంచాలనో చేసి ఉంటే నా కోపానికి ఒక దారి ఉండేది. ఆవిడ కిటికీ మూసినట్టే, పేపరు పేజీ తీసేసినట్టే ఇదీ దాచింది. మా ఆయనకు అది వీలుగా కుదిరింది. అమ్మ వద్దంది కాబట్టి చెప్పలేదు, ఆ తర్వాత బిడ్డ పోయింది కాబట్టి చెప్పలేదు, ఆ తర్వాత హాల్లో చాప వేసుకున్నాడు.

"ఆ సూది వేసుంటే బిడ్డ బతికేది" అన్నాను.

"ఏమంటావు?"

"అదే సూది. మీ కొడుక్కి వేసింది. నాకు కూడా వేసుంటే నా బిడ్డ బతికేది. విమానం వల్ల పోలేదు. మీరు చెప్పకపోబట్టి పోయింది."

ఇది నేను గట్టిగానే అన్నాను. నా మామూలు గొంతు కూడా గట్టిదే. అత్తగారు గోడకు ఆనుకుంది. ఏదో అంటుందని చూశాను. ఆవిడ హాలు వైపు చూసి, చెయ్యి ఊపుతూ గొంతు తగ్గించి, "మెల్లిగా మాట్లాడమ్మా" అంది. "చిన్నది వింటాది. కడుపుతో ఉంది."

నేను ఆ ఇంటి కోడలినై పదకొండేళ్ళయింది. వేరే ఏ మాటన్నా నేను అరిచి, ఏడ్చి, గది తలుపు వేసుకుని ఉండేదాన్ని. ఆ మాటకు మాత్రం తిన్నగా హాల్లోకి నడిచాను. మరిది భార్య సోఫాలో కూర్చుని ఉంది. చేతిలో కమలాపండు తొన. అప్పటికే సగం వినేసింది. అత్తగారు వెనకే వచ్చి, "ఒద్దు, ఒద్దు" అంటూ నా మోచెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ఆ పిల్ల పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. రోగం పేరు, సూది పేరు, జనవరి, మార్చి. మీ బావ అని కూడా చెప్పాను.

"నీకు మొదట్లో పరీక్ష చేసుంటారు" అన్నాను. "నాక్కూడా చేశారు, ఏమీ లేదన్నారు. మళ్ళీ చేయించుకో. ఏడో నెల్లో ఇంకోసారి. మీ ఆయన్ని కూడా తీసుకుపో. మరిది మంచోడే, నేనేం అనడం లేదు. మీ బావ కూడా మంచోడనే అనుకున్నా."

ఆ పిల్ల ఏడవలేదు, కళ్ళు తిరిగి పడిపోలేదు. కడుపులో బిడ్డకు కూడా ఏమీ కాలేదు. కమలాపండు తొక్కలో తొన పెట్టేసి, "ఎప్పుడు పోదాం అక్కా?" అంది.

మర్నాడు పొద్దున మెట్రో ఎక్కి, మావాళ్ళెవరూ ఎదురుపడని చోట, ఒక ల్యాబుకి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి రిపోర్టు ఏ నంబరుకి పంపాలని అడిగితే ఆ పిల్ల అలవాటుగా మొగుడి నంబరు సగం చెప్పి, ఆగి, తన నంబరు చెప్పింది. నాలుగు రోజులకు ఏమీ లేదని వచ్చింది. మరిది కూడా ఆ వారమే చేయించుకున్నాడు, గొణుక్కుంటూ. నేను మూడో సూది అదే డాక్టరు దగ్గర వేయించుకుని, కాగితం రాయించుకుని, నా పేజీలన్నీ ఆ ఫైల్లోంచి విప్పించి తెచ్చుకున్నాను. మా ఆయన సంగతి రాయడం నాకిష్టం లేదు. ఆయన ఇప్పటికీ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. నేను ఎత్తను.

కానీ ఆ రోజు ల్యాబులో రక్తం తీసే గది బయట, మా వంతు కోసం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నప్పటి సంగతి ఒకటి ఉంది. ఆ పిల్ల నా వైపు తిరక్కుండానే, "అక్కా, నీకు పుట్టింది మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడిగింది.

ఏడాది దాటింది. మా ఇంట్లో, మా అమ్మ ఇంట్లో, స్కూల్లో, ఎవరూ ఆ మాట అడగలేదు.

"ఆడపిల్ల" అన్నాను. "తల నిండా జుట్టుండింది."